బుగ్గలోని గొట్టానికి స్టెన్సన్ పేరెందుకు?

ప్రశ్న గుణుపురం నుంచి బరంపురం వచ్చి నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయిది. బుగ్గ మీదుగా నోట్లోకి లాలాజలం తెచ్చే గొట్టానికి పుస్తకంలో ‘పెరోటిడ్ డక్ట్’ అని ఉంటే, వార్డులో పెద్ద సిస్టర్ దాన్నే ‘స్టెన్సన్ డక్ట్’ అంటున్నారట. పరీక్షలో సిస్టర్ చెప్పిన పేరు రాస్తే మార్కు పోయిందట. ఈ స్టెన్సన్, ఫాలోపియస్, లాంగర్‌హాన్స్ అందరూ ఎవరు, వీళ్ళ పేర్లు మన ఒంటికి ఎందుకు తగిలించారు, రెండు పేర్లూ నేర్చుకోక తప్పదా, అందులో మనవాళ్ళ పేరు ఒక్కటైనా ఉందా అని అడిగింది.

అమ్మా, ముందు మార్కు సంగతి తేల్చేద్దాం. పరీక్షలో పుస్తకంలోని పేరే రాసి, స్టెన్సన్‌ను పక్కన కుండలీకరణంలో పెట్టండి. అనాటమీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నేనైతే ఆ మార్కు కోసేవాణ్ణి కాదు. కానీ కోసినవారి దగ్గర నియమం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఒక్కో దేశం, ఒక్కో విశ్వవిద్యాలయం తన గురువుల పేర్లు తగిలించుకుంటూ పోవడంతో శరీర భాగాల పేర్లు దాదాపు 50,000 అయ్యాయి. ఉన్న భాగాలేమో సుమారు 5,000. జర్మన్ శరీర శాస్త్రవేత్తలు 1895లో బాసెల్‌లో కూర్చుని ఒక భాగానికి ఒకే పేరు అని జాబితా వేశారు. 1955లో పారిస్ మహాసభ ఇంకో అడుగు వేసి మనుషుల పేర్లన్నింటినీ అధికారిక జాబితా నుంచి తీసేసింది. 1998లో వచ్చిన అంతర్జాతీయ పదావళిదీ అదే దారి. మీ పుస్తకం రాసింది ఆ జాబితా ప్రకారం. మీ సిస్టర్ మాట్లాడేది తన గురువుల నోట విన్న భాష.

ఆసుపత్రి ఏ మహాసభ తీర్మానాన్నీ లెక్కచేయదు. మన బరంపురం పెద్దాసుపత్రిని అందరూ ఎంకేసీజీ అంటారు. ఆ అక్షరాల్లో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి ఉన్నారనీ, 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కావడానికి పాటుపడినవారిలో ఆయన ముఖ్యుడనీ ఎంతమందికి గుర్తుంటుంది? కోరాపుట్ మెడికల్ కాలేజీ పేరులో ఉన్న స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న ఉరి తీసింది ఈ బరంపురం జైల్లోనే. రోగిని ఎక్కించుకున్న ఆటో డ్రైవరుకు ఆ చరిత్రతో పని లేదు, పేరు చెబితే దారి తెలుస్తుంది. వార్డులో స్టెన్సన్ పేరు చేసే పనీ అంతే.

ఇప్పుడు ఆ స్టెన్సన్ గొట్టాన్ని మీ బుగ్గలోనే పట్టుకుందాం. అద్దం ముందు నిలబడి పళ్ళు గట్టిగా బిగించండి. దవడ మూల దగ్గర గట్టిపడే కండరం మాసెటర్. చెంప ఎముకకు ఒక వేలు వెడల్పు కింద, ఆ కండరం ముందు అంచు మీద చూపుడువేలి కొనను పైకీ కిందికీ దొర్లించండి. సన్నగా, గట్టిగా ఒకటి వేలి కింద జారుతుంది. అదే. చెవి ముందున్న లాలాజల గ్రంథి నుంచి బయలుదేరి, మాసెటర్ మీదుగా వచ్చి, దాని ముందు అంచు దగ్గర లోపలికి మలుపు తిరిగి, బుగ్గ కండరాన్ని చీల్చుకుని నోట్లో తెరుచుకుంటుంది. పొడవు ఐదు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇప్పుడు నోరు తెరిచి, టార్చి వేసి, పై దవడలో రెండో విసురుదంతానికి ఎదురుగా బుగ్గ లోపల చూడండి. ఆవగింజంత బొడిపె కనిపిస్తుంది. దాన్ని గుడ్డతో తుడిచి, నాలుక మీద కాస్త చింతపండు పెట్టుకుంటే కొన నుంచి నీరు ఊరడం కంటికే కనబడుతుంది. గవదబిళ్ళలు వచ్చిన పిల్లల్లో ఈ బొడిపె ఎర్రబడి ఉబ్బడం మీరు పిల్లల వార్డులో చూస్తారు. ఒకసారి ఇలా చూసుకున్నవారికి రెండు పేర్లూ వాటంతటవే గుర్తుంటాయి.

నీల్స్ స్టెన్సన్ కోపెన్‌హేగన్ వాడు. 1660లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్లాసియస్ అనే గురువు ఇంట్లో దిగి చదువుకుంటున్నాడు. ఒకరోజు గొర్రె తల ఒకటి కొనుక్కొచ్చి ఒంటరిగా కోస్తూ కూర్చున్నాడు. మెదడు చూడాలని మొదలుపెట్టి, దానికంటే ముందు బుగ్గలోని రక్తనాళాలు ఎలా పోతున్నాయో చూద్దామని సన్నని లోహపు పుల్ల దూర్చాడు. పుల్ల ఒక ఖాళీలోకి జారి, చివర పళ్ళకు తగిలి టక్కుమంది. రక్తనాళమైతే పళ్ళ దగ్గర నోట్లోకి ఎందుకు తెరుచుకుంటుంది? గురువును పిలిచి చూపించాడు. నువ్వే పుల్లతో పొడిచి చేసిన కన్నం అయ్యుంటుంది, లేదా ప్రకృతి వికారం అయ్యుంటుంది అని గురువు కొట్టిపారేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు అదే గురువు ఆ గొట్టాన్ని తానే కనిపెట్టానని రాసుకున్నాడు. స్టెన్సన్ లైడెన్ వెళ్ళాడు. అక్కడ సిల్వియస్ అనే ఆచార్యుడు దాన్ని శిష్యుడి పేరుతోనే పిలిచాడు, ఆ పేరే నిలిచింది. మెదడు పక్కనున్న లోతైన గాడికి ‘సిల్వియన్’ అని పేరు వచ్చింది ఈ సిల్వియస్ వల్లే.

కాలేజీల్లో గురుశిష్యుల తగాదాలు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఈ కథ మీద మక్కువ ఎక్కువ. స్టెన్సన్ తర్వాత గుండె ఒట్టి కండరమే అని వాదించాడు, 1669లో రాతి పొరల మీద పుస్తకం రాసి భూగర్భ శాస్త్రానికి పునాది వేశాడు, చివరికి అన్నీ వదిలి కాథలిక్ బిషప్ అయ్యాడు. మనకు మిగిలింది బుగ్గలో గొట్టం. మీరు తలకాయ కూర వండే ఇంటివారైతే మేక తలలోనూ ఆ గొట్టాన్ని పట్టుకోవచ్చు. నాన్నగారు కత్తి పెట్టకముందే అడిగి తీసుకోండి.

క్లోమంలోని గొట్టం కథ ఇంకా చేదు. 1642లో పాడువాలో, ఉరి తీసిన ఒక హంతకుడి శవాన్ని కోస్తుండగా విర్సుంగ్ అనే శరీర శాస్త్రవేత్త క్లోమం పొడవునా సాగే నాళాన్ని చూశాడు. దాని పని ఏమిటో అతనికి తెలియదు. పుస్తకం రాయలేదు. రాగి రేకు మీద బొమ్మ చెక్కించి, అచ్చులు తీసి, యూరప్‌లోని పెద్ద పెద్ద ఆచార్యులకు పంపి, ఇది ధమనా, సిరా, దీనిలో రక్తం ఎప్పుడూ కనబడలేదే అని అడిగాడు. మరుసటి ఏడు ఆగస్టులో ఎవరో అతన్ని కాల్చి చంపారు. హాఫ్‌మన్ అనే శిష్యుడు, నేనే ముందు ఒక పక్షిలో చూసి ఆయనకు చూపించానని తర్వాత వాదించాడు. ఈరోజుకీ ఆ నాళం విర్సుంగ్ పేరుతోనే ఉంది.

మీరు ‘ఎందుకు తగిలించారు’ అని అడిగిన దానికి నా జవాబు ఇక్కడే ఉంది. భాగానికి పేరున్న మనిషి దాన్ని మొదట చూసినవాడు కావాలని లేదు, దాని పని తెలిసినవాడు అసలే కాకపోవచ్చు. బాగా బొమ్మ గీసినవాడు, పదిమందికి చూపించినవాడు, మంచి శిష్యులున్నవాడు, లేదా తర్వాతి తరంలో ఎవరో పెద్దమనిషి తలచుకున్నవాడు అయ్యుంటాడు.

చెవి సంగతే చూడండి. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ ఎక్కే బస్సులో చెవులు దిబ్బడ వేస్తాయి, గుటక వేస్తే టప్‌మని విడిపోతాయి. ఎత్తుకు పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, కర్ణభేరి వెనక చిక్కుకున్న గాలి దాన్ని బయటికి తోస్తుంది. గుటక వేసినప్పుడు ముక్కు వెనక నుంచి మధ్య చెవికి పోయే నాళం క్షణం తెరుచుకుని రెండు వైపులా ఒత్తిడిని సమం చేస్తుంది. దీన్ని 1560ల్లో వర్ణించినవాడు రోములోని యూస్టేకియో. అతను చెక్కించిన రాగి ఫలకాల్లో ఎక్కువ భాగం అచ్చుకు నోచుకోకుండా మూలపడిపోయాయి. 1574లో ఆయన పోయాడు, ఫలకాలు 1714లో గానీ వెలుగు చూడలేదు. నాళానికి అతని పేరు ఖాయం చేసింది 1704లో చెవి మీద గ్రంథం రాసిన వల్సాల్వా. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని గాలి ఊదితే చెవులు విడిపోయే పద్ధతికి మళ్ళీ ఆ వల్సాల్వా పేరే ఉంది. అతను దాన్ని చెప్పింది బస్సు ప్రయాణికులకు కాదు, చెవిలో చీము బయటికి రావడానికి. జలుబు చేసినప్పుడు అలా గట్టిగా ఊదవద్దని రోగులకు చెప్పండి. చంటిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే ముక్కులోని రొంప సులువుగా చెవికి పాకుతుంది, బిడ్డ తల కాస్త ఎత్తి పాలు పట్టమని తల్లులకు చెప్పేది కూడా ఈ కారణంగానే. ఈ ఒక్క విషయం తెలిస్తే మీకు పిల్లల వార్డులో సగం పని తేలిక.

పని తెలియకుండానే పేరు వచ్చినవారిలో లాంగర్‌హాన్స్ అగ్రగణ్యుడు. 1869లో బెర్లిన్‌లో పరిశోధన వ్యాసం సమర్పించేనాటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. క్లోమంలో అక్కడక్కడా దీవుల్లా తేలే కణాల గుంపులను చూశాడు, వాటి స్వభావం తాను వివరించలేనని నిజాయితీగా రాశాడు. క్షయ పట్టి మదీరా దీవికి వెళ్ళి, 1888లో కిడ్నీ జబ్బుతో పోయాడు. మరుసటి ఏడే మేరింగ్, మింకోవ్‌స్కీ ఒక కుక్కకు క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1893లో లాగెస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ గుంపులకు లాంగర్‌హాన్స్ పేరు పెట్టాడు. 1921లో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ తీశారు. ఇప్పుడు మీరు రోజూ ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చే ఇంజెక్షన్‌కు, ఆ కుర్రవాడి వ్యాసానికి మధ్య అర్ధశతాబ్దం ఉంది.

అండాశయంలో అండాన్ని మోసే గ్రాఫియన్ పుటికదీ ఇదే వరస. డి గ్రాఫ్ 1672లో దాన్ని చూసి అదే అండం అనుకున్నాడు, మరుసటి ఏడు ముప్పై రెండేళ్ళకే పోయాడు. అసలు అండాన్ని ఫాన్ బేయర్ 1827లో గానీ చూడలేదు. ఫాలోపియో 1561లో గర్భసంచి నాళాన్ని బాకాలా ఉందని వర్ణించాడు. మూత్రపిండంలోని హెన్లీ శిక్యం, బౌమన్ గుళిక మీరు బడిలోనే చదివి ఉంటారు, వాటి జోలికి పోను. మడమ పైనున్న అకిలిస్ స్నాయువును ఈ లెక్కలో కలపకండి. అకిలిస్ ఏ శవాన్నీ కోయలేదు, గ్రీకు పురాణ వీరుడు.

మన జిల్లాలకు దగ్గరిదైన అవయవం ఇంకొకటి ఉంది, ప్లీహం. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి కొండల్లో మలేరియా పదే పదే వచ్చిన పిల్లలకు ఎడమ డొక్క కింద గట్టిగా తగిలేదాన్ని పెద్దవాళ్ళు ‘కడుపులో బల్ల’ అనేవారు. ప్లీహాన్ని అడ్డంగా కోస్తే ఎర్రని గుజ్జులో తెల్లని గింజలు కనిపిస్తాయి, వాటికి ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ పేరు. చుట్టూ ఉన్న ఎర్రగుజ్జులోని కణజాలపు పోగులకు వియన్నా శస్త్రవైద్యుడు బిల్‌రోత్ పేరు. ఎర్ర రక్తకణం ఆ పోగుల్లోంచి సిరల్లోకి రావాలంటే తన వెడల్పులో పావు వంతు కూడా లేని చీలికల్లో నలిగి, సాగి బయటపడాలి. మలేరియా క్రిమి చేరి బిరుసెక్కిన కణం సాగలేదు, అక్కడే చిక్కుకుంటుంది, దాన్ని కబళించే కణాలు మింగేస్తాయి. ఆ పని నెలల తరబడి సాగితే ప్లీహం ఉబ్బి డొక్క దాటి వస్తుంది. చిత్రమేమిటంటే, మాల్పీజీ చేసిన అన్నిటికంటే పెద్ద పని ఇది కాదు. 1661లో కప్ప ఊపిరితిత్తిలో రక్త కేశనాళికలను చూసి, ధమని రక్తం సిరలోకి ఎలా దాటుతుందో రక్తప్రసరణను వివరించిన హార్వీకి దొరకని ముడిని విప్పినవాడు ఆయనే. కేశనాళికకు ఆయన పేరు లేదు. ప్లీహంలో గింజలకు ఉంది.

ఇక మనవాళ్ళ పేరు. తెలుగువారి పేరు మోసే శరీర భాగం నాకు తెలిసి లేదు. మీ ల్యాబ్ వాళ్ళు రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పాత పద్ధతికి ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అని పేరు. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సంవత్సరం 1925. అది కొలత పద్ధతి, అవయవం కాదు. భారత సంతతి వారిలో హర్మిందర్ సింగ్ దువా ఉన్నారు. 2013లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో, దానంగా వచ్చిన కళ్ళ కార్నియాల్లోకి గాలి బుడగ ఎక్కించి పొరలు విడదీస్తూ, ఒక మిల్లీమీటరులో వందో వంతు మందమున్న పొరను వేరుచేసి చూపించారు. పేరు తానే పెట్టుకోవడం మీద, అది వేరే పొరేనా అన్నదాని మీద కంటి వైద్యుల్లో వాదాలు జరిగాయి. మూడున్నర శతాబ్దాల కిందట బ్లాసియస్ ఇంట్లో జరిగిందీ ఇంచుమించు ఇదే కదా. జపాన్ నుంచి జర్మనీ వెళ్ళిన తవారా 1906లో గుండె గదుల మధ్యనున్న విద్యుత్ కూడలిని చూపించాడు. దాన్ని ఇప్పుడు అందరూ ఏవీ నోడ్ అంటారు, తవారా పేరు చరిత్ర పాఠాల్లో మిగిలింది. కైరోలో ఇబ్న్ అల్ నఫీస్ 1242లోనే గుండె కుడివైపు రక్తం ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు వస్తుందని రాశాడు. ఆయన పేరు ఏ నాళానికీ లేదు.

సుశ్రుతుడి కాలానికి వెళితే మనిషి పేరు పెట్టే అలవాటే కనబడదు. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, తర్వాత వట్టివేళ్ళ, వెదురు కుంచెలతో చర్మం మెల్లగా రాస్తూ పొర పొరా చూడమని చెప్పాడు. ఒంట్లో దెబ్బ తగలకూడని 107 మర్మ స్థానాలకు పేర్లు పెట్టాడు, ఒక్కటీ గురువుదో, రాజుదో కాదు. ఆధునిక పద్ధతిలో శవాన్ని కోసిన తొలి భారతీయుల్లో మధుసూదన్ గుప్తా ఒకరు, 1836లో కలకత్తాలో. అప్పటికి పెద్ద భాగాలన్నింటికీ యూరప్ వాళ్ళు పేర్లు పంచేసుకున్నారు.

ఆడవాళ్ళ పేర్లూ లేవనే అనవచ్చు. ఒక్క రైసా నిటాబుక్ మాత్రం మీకు ముందుముందు మిడ్‌వైఫరీలో ఎదురవుతుంది. 1887లో మాయకూ గర్భసంచి గోడకూ మధ్యనున్న ఫైబ్రిన్ పొరను వర్ణించిన వ్యక్తి. కాన్పు తర్వాత మాయ ఊడిరావడానికి హద్దు ఆ పొర దగ్గరే. పాత సిజేరియన్ మచ్చ మీద మాయ అంటుకున్నప్పుడు ఆ పొర సరిగ్గా ఉండదు, మాయ గోడలోకి పాతుకుపోతుంది, లాగితే రక్తం ఆగదు.

కోసినవాడి పేరు ఉంటుంది, కోయించుకున్నవాడి పేరు ఉండదు. నన్ను తొలినుంచీ కుదురుగా ఉండనివ్వని విషయం ఇది. బ్రోకా 1861లో మాట ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలిగింది ‘టాన్’ అన్న ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగి చనిపోయాక అతని మెదడు చూసి. అతని అసలు పేరు లెబోర్న్. మెదడు పారిస్‌లో జాడీలో భద్రంగా ఉంది, మెదడులోని ఆ చోటుకు బ్రోకా పేరు ఉంది. 1937లో ఊపిరితిత్తుల సన్నని గొట్టాల్లోని కణాలను వర్ణించిన మాక్స్ క్లారా నాజీ పార్టీ సభ్యుడు, అతను వాడుకున్నది ఆ ప్రభుత్వం చంపించిన ఖైదీల కణజాలం. అది బయటపడ్డాక 2013లో వైద్య పత్రికలు క్లారా పేరు తీసేసి ‘క్లబ్ సెల్స్’ అన్నాయి. మంచి పని చేశాయి. మీ కొత్త పుస్తకంలో ఆ పాత పేరు ఇంకా ఉంటే కొట్టేసి పక్కన రాసుకోండి.

మీ చదువుకు ఏవి కావాలో చెప్పి ముగిస్తాను. బొడ్డుతాడులో రక్తనాళాలు నలిగిపోకుండా కాపాడే జిగురుకు వార్టన్ పేరు, యోని ద్వారం దగ్గర చీముపట్టి వాచే గ్రంథికి బార్తొలిన్ పేరు, వీటిని పక్కాగా నేర్చుకోండి. హైమోర్, హావర్స్ వంటివి గుర్తులేకపోయినా వార్డు పని ఆగదు. డగ్లస్‌ను మాత్రం వదలొద్దు. గర్భసంచికీ దాని వెనకనున్న పేగుకీ మధ్యనున్న సంచిని 1730లో లండన్‌లో వర్ణించిన స్కాటిష్ వైద్యుడు ఆయన. పడుకున్నా, కూర్చున్నా పొత్తికడుపులో అన్నిటికంటే దిగువన ఉండే చోటు అది కాబట్టి, పొత్తికడుపులో రక్తం కారితే ముందు అక్కడికి చేరుతుంది. స్కాన్ రిపోర్టులో ‘పీఓడీలో ద్రవం’ అని రాస్తారు, పౌచ్ ఆఫ్ డగ్లస్ అని పూర్తిగా ఎవరూ రాయరు. కొద్దిగా ఉంటే చాలామందిలో మామూలే. నెల తప్పిన అమ్మాయికి ఒకపక్క కడుపునొప్పి ఉండి, కళ్ళు తిరుగుతూ, నాడి వేగంగా కొట్టుకుంటున్నప్పుడు రిపోర్టులో ఆ మూడు అక్షరాలు కనబడితే, రౌండ్సు వచ్చేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టరుకు వెంటనే ఫోను చేయండి.